బావా అని పిలిచినందుకు

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నా పని, ప్రతి పలకనూ పెట్టెలోకి పోయే ముందు వేలి కణుపుతో తట్టి వినడం. పగులున్నది బొంగురుగా వినిపిస్తుంది, లేనిది ఖంగుమంటుంది. కొనకనమిట్ల వైపు మూడు ఊళ్ళలో పొలం ఉన్న మనిషికి మనవణ్ణి. బోర్లు ఎండిపోయాయి, మా చిన్నాన్న రెండుసార్లు ఎన్నికల్లో నిలబడ్డాడు, పొలం పోయింది. ఈ పనికి సిగ్గుపడను. కాని వంగి చెయ్యను. చేరిన మొదటి నెలలోనే యజమానితో చెప్పి నా బల్ల కాళ్ళు ఎత్తు పెంచించుకున్నాను.

అదే షెడ్డులో కటింగ్ మిషన్ మీద మా ఊరి మనిషి ఒకతను పనిచేస్తాడు. ఊరికి దిగువన, చర్చి చుట్టూ ఉన్న పల్లె వాళ్ళది. వాళ్ళ అవ్వ, వాళ్ళ అమ్మ మా చేలల్లో కూలికి వచ్చినవాళ్ళే. నాకంటే నాలుగేళ్ళు చిన్న. 'అతను' అని రాస్తున్నాను. మా నాయన బతికి ఉండి ఇది చదివితే ఇక్కడే కాగితం కింద పెట్టేసేవాడు.

అతను ఫోనులో రీల్స్ చేస్తాడు. ఆ సంగతి నాకు గిద్దలూరు బస్సులో తెలిసింది. ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఫోను మీదికి వంగి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. తొంగి చూస్తే మా మిషన్ అతను. ఓట్ల కోసం వచ్చిన నాయకుడొకడు పల్లెలో వాళ్ళింట్లో కెమెరాల ముందు అన్నం తింటుంటాడు. ఇతను వడ్డిస్తూ, "అన్నా, మా ఇంట్లో తిన్నావు, ఇంక నువ్వూ మావోడివే. రేపు ఎమ్మార్వో ఆఫీసుకు పోదాం పా, సర్టిఫికెట్ తీసుకుందువు" అంటాడు. నాయకుడి నోట్లో ముద్ద ఆగిపోతుంది. అంతటితో రీల్ అయిపోతుంది. 'మావోడివే' అని నేను రాసినచోట అతను నిజానికి అన్నది వాళ్ళ కులం పేరునే తిట్టుగా మార్చిన మాట. దాన్ని నేనిక్కడ రాయను. ఎందుకు రాయనో చెప్పడానికే ఇదంతా.

నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగకముందే కడుపులో మంట మొదలైంది. ఆ ఆడవాళ్ళ మాటతీరు చూస్తే మాలాంటి ఇళ్ళ వాళ్ళే. మా తాత అరుగు మీద కూర్చుంటే నలభై మంది వినేవాళ్ళని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఇతను మిషన్ ఆపి రెండు నిమిషాలు మాట్లాడితే ముక్కూ ముఖం తెలియనివాళ్ళు బస్సుల్లో వింటున్నారు.

ఆ రీల్స్ తీసేది మా ఫ్యాక్టరీకి లోడ్ ఆటో తోలే ముస్లిం మనిషి. కంభం నుంచి వస్తాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఖాళీ పెట్టెల మీద కూర్చుని ఒకరి క్యారియర్‌లోది ఒకరు తింటారు. ఆటో అతను ఇతన్ని ఆ మాటతోనే పలకరిస్తాడు. ఇతను వెంటనే వాళ్ళ మతాన్ని తిట్టే మాట ఒకటి అందుకుంటాడు.

"ఏందల్లుడా, పొద్దుటి నుంచి నాలుగు రాళ్ళు కొయ్యలేకపోతివా? మీ జాతే ఇంత."

"మీ జాతి ఆటో పన్నెండింటికి వస్తే నేను పొద్దున్నే కోసి ఎవురి నెత్తిన పెట్టాల మామా?"

ఇట్లా సాగుతుంది. వాళ్ళు అన్న అసలు మాటలు తీసేసి రాస్తే ఇంత చప్పగా ఉంది. అక్కడ కూర్చుని వింటే షెడ్డంతా నవ్వేది. మా ప్రాంతంలో ఎవరినైనా ఏదో ఒక వరస పెట్టే పిలుస్తారు. మామా అల్లుళ్ళు, బావా బావమరదులు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. అన్ననూ చిన్నాన్ననూ అంటే తగువు. ఆ వరస కులాలు దాటి, మతాలు దాటి కూడా నడుస్తుంది. మా ఇల్లు ఒక్కటే అందులో చేరలేదు. మమ్మల్ని అందరూ అయ్యా అనాలి. మేము అందరినీ పేరుపెట్టి పిలవాలి.

నేను నా కుర్చీలో కూర్చుని నా క్యారియర్ తినేవాణ్ణి. నన్ను సార్ అనేవాళ్ళు. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళగానే నవ్వు సగానికి తగ్గేది. నాకు కావలసిందల్లా ఆ పెట్టెల మీద చోటు, వాళ్ళ మాటల్లో ఒక మాట. అడిగి కూర్చోవడం మా వంశంలో లేదు. ఆటో అతనికి ఏం అర్హత ఉందని ఆ చోటు దొరికిందో రోజూ ఆలోచించేవాణ్ణి. మా ఊరు కూడా కాదు అతనిది.

ఒక మధ్యాహ్నం మిషన్ అతను తింటున్న చేత్తోనే నావైపు చూపించి, "బావా, నీ మీసం ఒక్క నిమిషం అప్పియ్యవా?" అన్నాడు.

షెడ్డులో అందరూ నన్నే చూశారు. మా నాయన అయితే ఏం చేసేవాడో నాకు తెలుసు. నేను టవలుతో చెయ్యి తుడుచుకుని, "ఎందుకూ?" అన్నాను.

"దొర వేషం కావాల. మా మామకు ఏస్తే కల్లు దుకాణం ముందర వాచ్‌మన్ మాదిరి ఉండాడు."

మరునాడు మా నాయన పంచె, ఉత్తరీయం తీసుకుపోయాను. ఫ్యాక్టరీ పాత ఆఫీసు మెట్ల మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఇతను స్కూటీ మీద ముందు నుంచి పోతుంటే నేను "ఎవుర్రా అది?" అనాలి. ఇతను దిగి, చేతులు కట్టుకుని వణుకుతూ వచ్చి, "పార్సిలయ్యా. ఓటీపీ చెప్పండయ్యా" అనాలి. దొర కళ్ళజోడు వెతుక్కోవాలి. ఒక్కసారికే అయిపోయింది. ఆటో అతను ఫోను దించి, "మళ్ళీ తియ్యాల్సిన పనే లేదు" అన్నాడు. ఆ పూట పెట్టె మీద వాళ్ళ పక్కన కూర్చుని తిన్నాను. బావా, ఈ గోంగూర చూడు అంటూ మిషన్ అతను నా అన్నంలో వేశాడు.

ఆ రీల్ అతని అన్ని రీల్స్ కంటే ఎక్కువ తిరిగింది. కంభం బస్టాండులో కుర్రాళ్ళు నన్ను చూసి "ఎవుర్రా అది?" అని అరిచారు. మూడు రోజులు నడక మారిపోయింది నాకు. నాలుగో రోజు కింద రాసినవన్నీ కూర్చుని చదివాను. అన్నా కుమ్మేసినావు, అన్నా నువ్వు వేరే, అన్నా నెక్స్ట్ ఎప్పుడు. అన్నీ అతనికే. నా గొంతు మీదే కదా రీల్ నిలబడింది. ఒక్కరు మాత్రం దొర ఎవరు అని అడిగారు. దానికి అతను 'మా బావ' అని జవాబిచ్చాడు. ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు చదువుకున్నానో.

వాటన్నిటికీ పైన ఆటో అతను రాసింది ఉంది. ఆ కులం తిట్టుతో మొదలుపెట్టి, '...గాడికి నటన కూడా వచ్చంట, లోకం చెడిపోయింది' అని. దానికింద అంతా నవ్వులే. మిషన్ అతను దానికి ఎర్ర గుండె పెట్టాడు.

ఆ గుండె బొమ్మ చూసి నాకు వచ్చిన కుళ్ళు ఎట్లాంటిదో దాచను. వాడు మామ అయితే నేను బావను. లోకమంతా చూసేలా అతనే రాశాడు. మామకున్న చనువు బావకు ఉండదా? సాయంత్రం టీ తాగుతూ ఆ వాక్యాన్నే, ఒక్క అక్షరం మార్చకుండా, నా పేరుతో కింద రాశాను. రాసి గుండె కోసం ఎదురుచూశాను.

మొదట ఎవరో ప్రశ్న గుర్తు ఒక్కటే పెట్టారు. తర్వాత మా ఊరి పల్లె కుర్రవాడు నేను ఎవరి కొడుకునో, ఎవరి మనవణ్ణో రాశాడు. "ఈయన వేషం ఎయ్యలేదురా, ఉన్నదే చూపించినాడు" అని ఇంకొకడు. పోలీస్ స్టేషన్‌కు పోదామని ఇంకెవరో. గంటలో తీసేశాను. అప్పటికే దాని ఫోటో మార్కాపురం నుంచి కురిచేడు దాకా తిరుగుతోంది.

మరునాడు షెడ్డులో ఎవరూ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం అతను మిషన్ ఆపి, రాతిపొడి దులుపుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేనే మొదలుపెట్టాను.

"అతను రాసిందే కదా నేను రాసినాను. ఏమైనా తేడా ఉందా?"

"లేదు."

"మరి ఏంది? అతను అంటే గుండె, నేను అంటే స్టేషనా?"

"స్టేషన్‌కు ఎవురూ పోవడం లే. నేనే వద్దన్నా." బల్ల మీది పలక ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు. "మామ ఆ మాటంటే నేనూ ఆయన్ను ఒక మాటంటా. నిన్ను నేనేమనాల?"

"అను. ఏదైనా అను."

"మాటుంటే కదా. ఉన్నవన్నీ మీవోళ్ళు మాకే ఇచ్చేసిరి."

నాకు కోపం వచ్చింది. "బావా అని పిలిచింది నువ్వు. నేను అడిగినానా?"

"పిలిచినా. అది నా తప్పే." పలకను వెలుగుకు ఎత్తి చూస్తూ, "మా అవ్వ మీ నాయనను అల్లుడా అనింది ఒకనాడు. గుర్తుండాదా?" అన్నాడు.

గుర్తుంది. వేరుశనగ కళ్ళం. నాకు పదేళ్ళు, మంచం మీద కూర్చుని పచ్చికాయలు ఒలుచుకు తింటున్నాను. వాళ్ళ అవ్వకు అప్పుడు యాభై ఉంటుంది, మా నాయన కంటే పెద్దది. అలసిపోయి, నవ్వుతూ, "ఏం అల్లుడా, ఇంత ఎండలో మంచినీళ్ళన్నా పంపీవా?" అంది. మా నాయన ఆ మాట, ఆ కులం మాట, అని, "ఎవరికే అల్లుడు?" అన్నాడు. పొద్దు వాలేదాకా ఆమెను కళ్ళం గట్టు మీద నిలబెట్టాడు. కూర్చోనివ్వలేదు, పని చెయ్యనివ్వలేదు. కళ్ళంలో ఉన్నవాళ్ళు ఆమెను చూసి నవ్వారు. నవ్వకపోతే తమనూ నిలబెడతాడని నవ్వి ఉంటారు. నాకు ఆ భయం లేదు, అయినా నవ్వాను. ఆమె కొంగు పట్టుకుని ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఎవరని అప్పుడు అడగలేదు.

"రీల్ పెట్టిన రోజు ఇంట్లో అందరం చూస్తా ఉన్నాం" అన్నాడు అతను. "అవ్వ మంచం మీద పడుకోనుండాది. కండ్లు కనపడవు. ఎవుర్రా అది అని నీ గొంతు వినపడింది. లేసి నిలబడింది. ఎంత చెప్పినా కూసోదు. మీ నాయనే అనుకోని, పెద్దయ్య వచ్చినాడు, గడప అవతలకు పోండిరా అంటాది. ఆ పొద్దే తీసేయాల్సింది నేను. బాగా పోతాండాదని ఉంచినా. ఆశ."

"ఆదివారం వస్తాను మీ ఇంటికి. ఆమెతో చెప్తాను" అన్నాను.

"వద్దు. నువ్వొస్తే మళ్ళీ లేసి నిలబడతాది. కాళ్ళు బాగలేవు."

"పోనీ క్షమించమని రీల్ చేస్తాను. నువ్వే పెట్టు."

అప్పుడు నవ్వాడు, పాత నవ్వే. "దానికీ పేరు నాకే వస్తాది. మళ్ళీ కుళ్ళుకుంటావు." పలకను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి మిషన్ దగ్గరికి పోయాడు. ఆ సాయంత్రమే రీల్ తీసేశాడు. నా గొంతుతో పాటు 'మా బావ' కూడా పోయింది.

అతనికి నా కుళ్ళు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. దాచుకున్నాననుకున్నాను. మా ఇంట్లో అన్నీ దాచుకోగలమని అనుకుంటాం.

ఆ తర్వాత నన్నెవరూ అవమానించలేదు. టీ వస్తే ముందు నాకే ఇస్తారు. నా కుర్చీ దుమ్ము దులిపి పెడతారు. ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇస్తాడు అతను. మా తాత కోరుకున్న మర్యాద అంతా ఈ షెడ్డులో ఇప్పుడు నాకు జరుగుతోంది. పెట్టెల మీద వాళ్ళిద్దరూ ఆ మాటలే అనుకుని నవ్వుతుంటే నేను పలకలు గట్టిగా తడతాను.

నెల తర్వాత ఆటో అతను ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. ఒంటి మీద కొత్త పంచె, ముక్కు కింద అంటించిన మీసం.

"సార్, మళ్ళీ దొరది ఒకటి తీస్తాండాం. నడక కుదర్లే. మీ నాయన ఎట్ల నడిచేటోడు?"

పోపో అనేద్దామనుకున్నాను. నా వేషం వాడికిచ్చారు, నన్నే నేర్పమంటున్నారు. కాని వాడు ఆ మెట్ల మీద మీసం మెలేస్తూ, తొడ కొడుతూ తిరుగుతుంటే చూడలేకపోయాను. మా ఇంట్లో ఎవరూ మీసం మెలెయ్యలేదు. ఆ అవసరం వాళ్ళకు రాలేదు.

"మీసం ముట్టుకోవద్దు" అన్నాను. "చేతులు వెనక్కి. ఎవరైనా పిలిస్తే తల తిప్పకూడదు, ఒళ్ళంతా తిప్పాలి, అదీ రెండోసారి పిలిచాక. అడుగు నెమ్మదిగా. నేల నీదే అన్నట్టు."

పైకెక్కి చేసి చూపించాను. వాడు నా వెనకే నడిచాడు. నాలుగోసారికి వచ్చింది, మూడువంతులు వచ్చింది. వాడి పొట్ట, జారిపోతున్న ఆ పంచె చూసి షెడ్డులోని ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నన్ను చూసి ఎవరూ అట్లా నవ్వలేదు. నేను చేసినప్పుడు బాగుందన్నారు, అంతే. ఆ నవ్వు కూడా వాడికే పోయింది.

మిషన్ అతను కింద నిలబడి ఫోను ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"సార్, కొంచెం పక్కకు జరగండి" అన్నాడు, చాలా మర్యాదగా. "ఫ్రేములోకి వస్తాండారు."

మెట్లు దిగి, గోడ వారకు జరిగాను.