చాయ్ తాగిన పన్ను

కార్ఖానా బస్తీలో మా పళ్ల డాక్టరుగారు మొన్న సాయంత్రం పోయారు. చివరి రోగిని పంపించి, చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. ఆ చివరి రోగి మా పక్కింటి ముస్లిం పెద్దావిడ, నేను ఖాలా అని పిలిచే పిన్ని. పన్ను పెట్టించడానికి వెంట తీసుకెళ్లింది నేనే. మేం ఇంటికి వచ్చి గంటయినా కాకముందే కబురు వచ్చింది.

ఆయన గది కిటికీలో నాలుగు గాజు గ్లాసులు ఉండేవి. చాయ్, కాఫీ, నిమ్మరసం, మంచినీళ్లు. ఒక్కోదాంట్లో పళ్లలో నింపే తెల్ల సిమెంటు ఉండ ఒకటి. చాయ్‌లోది ఇటుక రంగుకు తిరిగింది, కాఫీలోది ఇంకా అధ్వానం. నిమ్మరసంలోది మాత్రం తెల్లగానే ఉండేది. "దాన్ని నమ్మకు టీచరమ్మా. పులుపు పైపొరను తిన్నది. గరుకైనంక చాయ్ తగిలితే జల్ది పట్టుకుంటది" అనేవారు. ఆ గ్లాసులు చూపించనిదే ఎవరినీ నోరు తెరవమనేవారు కాదు. ఇంత చెప్పే పెద్దమనిషి తాను మాత్రం రోజుకు ఆరు చాయ్‌లు తాగేవారు. అడిగితే, "నా పండ్లు అసలువి, గందుకే" అని నవ్వేవారు.

నాలుగేళ్ల కిందట నా ముందు పన్ను విరిగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పే పంతులమ్మ మాట ఏ పిల్లలు వింటారు? బయటి సరుకు రాని రోజులవి. డబ్బా అడుగున మిగిలిన సిమెంటంతా గీకి నా పన్నుకే పెట్టారాయన. "రేపు పొద్దుగాల దాంక నీళ్లు తప్ప ఏం తాగకు. పచ్చి సిమెంటు ఏది తాగితే గా రంగే అయితది" అన్నారు.

ఆ సాయంత్రమే పోలీసు చర్య ముగిసిందని రేడియో చెప్పింది. వీధిలో మిఠాయిలు పంచుకుంటున్నారు. ఖాలా ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. పొద్దుగూకే వేళకు ఆమె తలుపు ఓరగా తీసి నన్ను పిలిచింది. చేతిలో చాయ్ కప్పు ఉంది.

"మా ఇంట్ల తాగుతవా బిడ్డా?" అంది.

ఏ నోటితో వద్దనను? ఆ పూట డాక్టరు వద్దన్నాడంటే నమ్ముతుందా? మొత్తం తాగేశాను. కప్పు అందుకుంటూ ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వారం తిరక్కుండానే పన్ను మట్టి రంగుకు దిగింది. చివాట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన అంతా విని అద్దం కింద పెట్టారు. "మంచి పని చేసినవ్. సరుకు రానియ్యి, పన్ను మల్ల పెడత. ఆమె మనసు ఇరిగితే నేనేం పెట్టి నింపాలె?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనను ఎన్నటికీ మరచిపోను. సరుకు వచ్చేదాకా ఆ పన్నుతోనే, కొంగు అడ్డం లేకుండా పాఠం చెప్పాను. పిల్లలు రెండు రోజులు నవ్వి మానేశారు.

మొన్న ఆయన ఇంట్లో, వచ్చినవాళ్లందరికీ ఇరుగుపొరుగువాళ్లు చాయ్ తెచ్చి ఇచ్చారు. ఖాలా వద్దంది. ఇచ్చినావిడ చిన్నబుచ్చుకుంది. "రేపు పొద్దుగాల దాంక తాగొద్దన్నడు డాక్టర్ సాబ్" అని ఖాలా ముందు పన్ను మీద వేలు పెట్టి చూపించింది. డాక్టరుగారి భార్య లేచి వచ్చి ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చుంది.

నిన్న పొద్దున్నే ఖాలా రెండు కప్పులతో మా గుమ్మంలోకి వచ్చింది. ఎండకేసి తిరిగి, పెదవి పైకెత్తింది. పన్ను తెల్లగా ఉంది.

"టైమ్ అయిందా బిడ్డా?" అంది.

"అయింది ఖాలా, తాగు" అన్నాను.