నాయన కాలి బొటనవేలు

మొన్న సాయంత్రం మా మనవరాలు టీవీలో ఏదో హాస్య కార్యక్రమం పెట్టింది. అందులో ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి వెల్లకిలా పడిపోయాడు. ఇంట్లో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే నేను మాత్రం కుర్చీలోంచి లేచి, ఆయన పాదాల వైపు చూస్తూ నిలబడిపోయాను. "ఏందవ్వా, అది ఉత్త నాటకం!" అని పిల్ల నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. పదిహేనేళ్ల వయసులో ఆ మాటే మా ఊరంతా ఒక్కసారిగా నాతో అంది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేదు.

మాది అనంతపురం దగ్గర రాప్తాడుకు అవతల ఎర్రనేలల్లో ఒక చిన్న పల్లె. నాయనకు వానను నమ్ముకున్న కాస్త మెట్టచేను, ఊరిని నమ్ముకున్న నాటకాల పిచ్చి ఉండేవి. వేరుశనగ పంట ఇంటికి చేరాక ఆడే నాటకాల్లో హాస్యం ఎప్పుడూ నాయనదే. రాజు వేషం కట్టినాయన పద్యం మధ్యలో ఊపిరి పీల్చుకుంటే చాలు, భటుడి వేషంలో ఉన్న నాయన పరుగున పోయి విసనకర్రతో విసిరేవాడు. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయే మనుషుల్లాగా నేలకు ముక్కు ఆనించి నడిచి, చివరకు ఒక మేకపెంటికను ఏరుకుని, కళ్లకద్దుకుని మొలలో దోపుకునేవాడు. చూసినవాళ్లు మళ్లీ ఆడమని అడిగేవాళ్లు, నాయన మళ్లీ ఆడేవాడు.

ఆ నాయనకు నేను ఎట్లా పుట్టానో తెలియదు. నలుగురి ముందు నాకు నోరు పెగిలేది కాదు. బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకంతో గాదె చాటున కూర్చునేదాన్ని, రోజూ ఏదో ఒకటి రాసుకునేదాన్ని. నాయన నవ్విస్తున్నంతసేపూ నాకు లోపల గుబులుగానే ఉండేది. ఎవరికైనా కోపం వస్తుందేమో, ఎవరూ నవ్వకపోతే నాయన ముఖం ఎట్లా అయిపోతుందో అని.

అరవైల్లో వానలు వరుసగా ముఖం చాటేసిన కాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బుక్కరాయసముద్రం చెరువే అడుగంటిందని అనంతపురం సంతకు పోయినవాళ్లు వచ్చి చెప్పాక, మా ఊరి చెరువు గురించి బాధపడటం కూడా మానేశాం. విత్తనం మట్టిలోనే మాడిపోయింది. ఇంట్లో సంగటి ముద్దలు చిన్నవైపోయాయి. నాయన తన ముద్ద తుంచి మా పళ్లాల్లో వేసి, "అబ్బ, కడుపు చెరువు మాదిరి నిండిపాయ!" అని పొట్ట తట్టుకుని పెద్దగా త్రేన్చేవాడు. తమ్ముడు పడీపడీ నవ్వేవాడు. ఆ త్రేన్పు కడుపులోంచి వచ్చింది కాదని నాకు తెలుసు.

మా వైపు పల్లెల్లో వాన కోసం ఒక ఆచారం ఉండేది. బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టి, నిజం చావుకు చేసినట్టే అన్నీ చేసి, ఏడుస్తూ ఊరంతా తిప్పి, ఎండిన చెరువు నడుమకు తీసుకుపోయి కుండెడు నీళ్లు పోసి లేపుతారు. ఆ మనిషి ముందురోజు నుంచి ఉపవాసం ఉండాలి. నీళ్లు పడేదాకా కదలకూడదు. కదిలితే వచ్చే వాన వెనక్కి పోతుందని నమ్మకం. ఆ యేడు మా ఊళ్లోనూ అది చేయాలనుకున్నారు. పాడె ఎక్కడానికి అందరూ జంకితే నాయన ఒప్పుకున్నాడు.

అమ్మ రెండు రోజులు నాయనతో సరిగా మాట్లాడలేదు. "పిల్లలు గల్లోనివి, పాడెక్కుతానంటావే! నవ్వులాటకు ఒక హద్దుండాల్లే!" అంది చివరకు.

"నేను కదలకుండా పండుకునేది ఎట్లుంటాదో సూడాలని ఊరంతా కాచుకోనుండాది మే," అన్నాడు నాయన.

పాడెక్కే రోజు పొద్దున నాయన నా ముఖం చూసి నన్ను కొట్టం వెనక్కి పిలిచాడు. "పాపా, ఎవురికీ చెప్పొద్దు. నా కుడికాలి బొటనేలు సూస్తాండు. అది కదుల్తాంటే నేను బాగుండానని లెక్క. వాన దేవుడు అంత చిన్న ఏలును యాడ సూస్తాడు!" అన్నాడు.

శవానికి కట్టినట్టే రెండు బొటనవేళ్లూ కలిపి గుడ్డపీలికతో కట్టారు. ముందు వైపు చిన్నాయన భుజం పట్టాడు. పలకలు మోగాయి. ఆడవాళ్లు నాయన గుణగణాలు చెప్పి ఏడుస్తూనే కొంగు చాటున నవ్వుకుంటున్నారు. నేను పాడె వెంట పాదాల పక్కనే నడిచాను. గుడి వీధిలో వేలు కదిలింది. కమ్మరి కొలిమి దగ్గర కదిలింది. ఊరు దాటి ఎండలోకి వచ్చాక కదలలేదు. నడిచేవాళ్ల కుదుపుకు పాదం ఊగుతోందే గానీ వేలు మాత్రం కదలలేదు. గుడ్డ బిగిసిందేమో అనుకున్నాను. నాయన నన్ను ఏడిపించడానికి ఆపాడేమో అనుకున్నాను. నోరు విప్పితే మేమిద్దరం చేసిన మోసం బయటపడుతుంది, వాన రాకపోతే అది నాయన మీదికి వస్తుంది. ఆ భయంతో ఇంకొంత దూరం నడిచాను. తర్వాత నా గొంతు నాకే తెలియనంత గట్టిగా అరిచాను.

"చిన్నాయనా, దించు! నాయన ఏలు కదల్లేదు!"

ఒక్క క్షణం పలకలు ఆగాయి. మరుక్షణం జనం గొల్లున నవ్వారు.

"ఏమప్పా, కూతురికి గూడా నాటకం నేర్పించినావే!"

"పాపా, అది ఉత్త నాటకం లే, ఊరుకో!"

"నాయనను మించిపాయ చూడప్పా, కండ్లల్లో నీళ్లు గూడా నిజంగానే వస్తాండాయి!"

చిన్నాయన ఒక్కడే నవ్వలేదు. వెనక్కి తిరిగి నా ముఖం చూసి పాడె దించమన్నాడు. చెరువు చేరకముందే నీళ్లు పోస్తే అంతా వృథా అని పెద్దలు కేకలు వేస్తున్నా వినకుండా కుండ లాక్కుని నాయన ముఖం మీద వంచాడు. చాలాసేపటికి నాయన కళ్లు తెరిచాడు. పెదాలు తడుపుకుని, చుట్టూ వంగిన ముఖాలను ఒక్కొక్కటే చూసి, "వానొచ్చిందేమప్పా?" అన్నాడు.

అంత నవ్వు మా ఊళ్లో మళ్లీ నేను వినలేదు. కరువును మరిచిపోయి నవ్వారు. ఆ నవ్వుల మధ్య నాయన నా చెయ్యి కోసం వెతుక్కున్నాడు. ఆ వేళ్లు ఎండలో కూడా చల్లగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక అమ్మ పోసిన గంజిని తమ్ముడికి ఇవ్వకుండా మొత్తం తాగాడు. రోజూ రాసుకునే నేను ఆ రోజు ఏమీ రాయలేదు.

ఆ యేడు కూడా వాన సరిగా రాలేదు. నా అరుపు వల్లేనని కొందరు అన్నారు. నాయన వాళ్ల మాటతీరును కూడా ఆడి చూపించి నవ్వించాడు. తర్వాత కూడా ఊళ్లో ఏం జరిగినా నాయన నాలుగు రోజుల్లో దాన్ని ఆడి చూపించేవాడు. పాడె మీది ఆ రోజును మాత్రం ఎంతమంది బతిమాలినా ఒక్కసారి కూడా ఆడలేదు.

ఇప్పుడు మా పల్లెలో వాన ఎప్పుడు పడుతుందో ఫోను చూసి చెబుతున్నారు. పాడె మీద బతికున్న మనిషిని మోశారంటే మనవరాలు నమ్మదు. నవ్వించేవాళ్లు టీవీ పెట్టెలోకి వెళ్లిపోయారు. వాళ్లు పడితే లేపడానికి పక్కన ఎవరూ పరుగెత్తనక్కర్లేదు, వాళ్లు పొద్దున ఏం తిన్నారో మనకు తెలియనక్కర్లేదు. మొన్న టీవీలో ఆయన లేచి దుమ్ము దులుపుకుని దండం పెట్టాక నేను నెమ్మదిగా నవ్వాను. అప్పటికి ఇంట్లో అందరి నవ్వూ అయిపోయింది.