కిటికీ బయట ఇంజన్ కాసిన మనిషి

మా ఇంటి ఓనరుగారు పోయారన్న కబురు బోయిన్‌పల్లిలో, కూరగాయల మార్కెట్టు వెనక ఒక ఇంట్లో ప్రార్థన ముగించి బయటికి వస్తుంటే ఫోన్లో తెలిసింది. చెప్పింది ఆయన కూతురు. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండా కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఏడుస్తూనే ఆ అమ్మాయి ఒక మాట అడిగింది.

"అంకుల్, పదో రోజు మీరు నాలుగు మాటలు మాట్లాడాలె. ప్రార్థన సుత చెయ్యాలె. నాన్న ఇప్పుడు ఎక్కడున్నడో మీకైతే తెలుస్తది గదా."

చదువరులారా, మీలో చాలామంది నా గొంతు విన్నవారే. చచ్చిన తర్వాత ఎవరు ఎక్కడికి పోతారో మార్కెట్టు గేటు దగ్గర నిలబడి బల్ల గుద్ది చెప్పేవాణ్ణి నేను. ఏ బైబిలు కాలేజీ మెట్లూ ఎక్కలేదు. వాక్యమే నా బడి, వాక్యమే నా పంతులు. ఆ వాక్యం చంకలో ఉండగానే, ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు రాక "సరేనమ్మా" అని ఫోను పెట్టేశాను. దేనికి సరేనన్నానో నాకే తెలియలేదు.

రాంగోపాల్‌పేట్‌లో ఆయన ఇంటి వెనక వాటాలో మేము అద్దెకు దిగేనాటికే ఆయన స్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. భార్య అప్పటికే లేరు. నన్ను "పాస్టరూ" అని పిలిచేవారు. పాస్టర్ని కాదండీ, ఊరికే వాక్యం చెప్పేవాణ్ణి అంటే, "మైకు పట్టినోడల్లా పాస్టరే" అనేవారు. తెల్లవారుజామున నేను చేసే ప్రార్థన ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. "నీ దేవునికి చెవుడా ఏందయ్యా? జెర మెల్లగా అడుగు, ఇస్తడు" అని గోడ అవతలి నుంచి వినబడేది. బైబిల్లో ఒక ప్రవక్త కొండ మీద నిలబడి, పలకని దేవుణ్ణి పిలిచేవాళ్ళను దాదాపు ఇదే మాటతో ఎగతాళి చేశాడని ఆయనకు తెలియదు. తెలిస్తే నన్ను బతకనిచ్చేవారు కాదు.

నా కుడి మోకాలు వాచి, సైకిలు తొక్కలేని రోజులు వచ్చాయి. మా ప్రార్థన కూడికలు జరిగేవి బస్సులు దూరని సందుల్లో. నడవనూ లేను, తొక్కనూ లేను. ఇక నా పరిచర్య అయిపోయినట్టేనని గడప మీద కూర్చుని ఉంటే, ఆయన మెట్ల కిందకి వంగి ఏదో చూస్తున్నారు. వీధి కూడికల్లో లైట్లకు, మైకుకు వాడిన మా చిన్న జనరేటరు అది. కరెంటు పుట్టించే తీగచుట్ట, అదే వైండింగు, కాలిపోయి అక్కడ పడి ఉంది.

"దీని కరెంటు పోయింది గని ఇంజన్ బతికే ఉన్నది. ఫోర్ స్ట్రోక్. సైకిలుకు కడ్త" అన్నారు.

"ఎవరి కోసమండీ?"

"నీకోసమే. నువ్వు బయట తిరిగితే ఇల్లు జెర సల్లగుంటది."

ఆయనకు మెకానిజం వచ్చనుకుంటారేమో, రాదు. వచ్చింది హిందీ. అయినా వరండాలో పాత దుప్పటి పరిచి, ఇంజన్ విప్పి, ప్రతి బోల్టునూ కిరసనాయిలులో కడిగి, పసిపిల్లను తుడిచినట్టు తుడిచారు. మొదట దాన్ని వెనక క్యారియర్ మీద బిగించారు. నేను సీటు దిగగానే ముందు చక్రం గాల్లోకి లేచి, సైకిలు వెనక్కి కూర్చుంది. "మర్యాద తెలిసిన బండి. నువ్వు దిగితే అది కూసుంటది" అని నవ్వి, మళ్ళీ అంతా విప్పి, ఇనప పట్టీలతో ఫ్రేము మధ్యలో బిగించారు. ఒక పిల్లల సైకిలు రిమ్మును వెనక చక్రం పుల్లలకు కట్టి, దాని మీదుగా బెల్టు వేశారు. చేతి దగ్గర లీవరు లాగితే ఒక రోలరు వచ్చి బెల్టును నొక్కుతుంది, అప్పుడు చక్రం తిరుగుతుంది. లీవరు వదిలితే ఇంజన్ దాని మానాన అది, సైకిలు దాని మానాన అది.

ఫోర్ స్ట్రోక్ అంటే ఏమిటో నాకు వేళ్ళ మీద చెప్పారు. ఒకసారి పీలుస్తుంది, ఒకసారి నొక్కుతుంది, ఒకసారి మండుతుంది, ఒకసారి బయటికి వదులుతుంది. "నాలుగింట్ల మండేది ఒక్కటే పాస్టరూ. తక్కిన మూడు దానికోసం తయారైతయ్. నువ్వు మాత్రం నాలుగుసార్లు మండుతవ్. అందుకే జల్ది ఆగిపోతవ్." అగ్నిని గురించి నేను చాలా ప్రసంగాలు చేశాను. మొదటి వరుసలో కూర్చుని విన్న ఎవరూ నాతో ఈ మాట అనలేదు.

మొదటిసారి నడిపిన రోజు మా వీధి ఇప్పటికీ మరిచిపోలేదు. బాగానే కదిలింది. మలుపు దగ్గర బ్రేకు నొక్కితే ఇంజన్ తగ్గకపోగా గర్జించింది. ఇంకా గట్టిగా నొక్కాను, ఇంకా గర్జించింది. లీవరు వదలాలన్న మాటే భయంలో మరిచి "ప్రభువా" అంటూ చివరి దాకా పోయి, ఇసక కుప్పలో దిగబడ్డాను. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను లేపలేదు. ముందు ఇంజన్ ముందర గొంతుక్కూర్చున్నారు.

"తప్పు నాదేనయ్యా. ఇది జనరేటరు బుద్ధి. బరువు పడ్డదంటే తానే ఇంకింత పెట్రోలు తాగి స్పీడు నిలబెట్టుకుంటది. నువ్వు బ్రేకేస్తే ఇంకో నాలుగు లైట్లు వేసినవనుకున్నది."

జనరేటరులో వేగాన్ని అలా కాపాడే చిన్న స్ప్రింగు ఒకటి ఉంటుందట. దాన్ని విప్పకుండానే సైకిలుకు కట్టేశాం. ఆయన దాన్ని ఊడదీసి, ఆ చోట బ్రేకు తీగ ఒకటి కట్టి, వేగం నా చేతికిచ్చారు. అప్పటినుంచి అది నేను చెప్పినట్టు విన్నది, ఒక్క విషయంలో తప్ప. వేడెక్కాక ఆపితే, చల్లారేదాకా మళ్ళీ స్టార్టయ్యేది కాదు. స్టార్టు చేసే తాడు ఎంత లాగినా దగ్గడమే. కూడిక ఇంటికి చేరాక ఇంజన్ ఆపకూడదు. ఆపకూడదంటే ఎవరో ఒకరు దాని పక్కన ఉండాలి.

ఆ ఒకరు ఆయనే అయ్యారు. నాకన్నా ముందే బస్సెక్కి బోయిన్‌పల్లి వచ్చి, సందుల్లో నడిచి, కూడిక ఇంటి కిటికీ పక్కన నిలబడేవారు. నేను దిగి లోపలికి పోతే ఆయన హ్యాండిలు పట్టుకునేవారు. మార్కెట్టులో మూటలు మోసే ఆడవాళ్ళవి ఆ ఇళ్ళు. "లోపలికి రాండ్రి సారూ, కూసోండ్రి" అని ఎంత బతిమాలినా, "ఇంజన్ ఆగిపోతదమ్మా" అనేవారు. వాళ్ళు కిటికీలోంచే టీ అందించేవారు.

ఇక్కడే నా అయోమయం మొదలైంది. నేను లోపలివాళ్ళకు చెబుతున్నట్టే చెబుతూ కిటికీకి ప్రసంగించసాగాను. ఒక్కోసారి గుండె లోతునుంచి ఒక మాట వచ్చినప్పుడు, బయట ఇంజన్ చప్పుడు సన్నగిల్లేది. వినడానికి తగ్గించారా? పెట్రోలు మిగులుతుందని తగ్గించారా? ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "మీరు వాక్యం వింటున్నారా అండీ?"

"ఇంజన్ ఇంటున్న. మధ్య మధ్యల నీది సుత చెవిల పడ్తది."

కొన్నాళ్ళకు రోగం ఆయనే కనిపెట్టారు. పెట్రోలు పైపు పొగగొట్టానికి ఆనుకుని కాగుతోంది. పైపును అవతలికి జరిపారు. అంతే, ఇంజన్ ఎంత వేడిగా ఉన్నా ఒక్క లాగుకే అందుకునేది. ఇక ఆయన రానక్కర్లేదు. నాకు సంతోషం కలగలేదు, దిగులేసింది. తరువాతి కూడికకు నేను వెళ్ళేసరికి ఆయన కిటికీ పక్కనే ఉన్నారు. హ్యాండిలు అందుకున్నారు. ఇంజన్ ఆపలేదు.

"ఇప్పుడు ఆపొచ్చు కదండీ?"

"అలవాటైంది. నువ్వు లోపలికి పో, వాళ్ళు చూస్తున్నరు."

ఆ రోజు నేను చెప్పింది తప్పిపోయిన కుమారుని సంగతి. ఆస్తంతా తగలేసిన చిన్నవాడు తిరిగొచ్చాడు, ఇంట్లో విందు జరుగుతోంది, పెద్దవాడు కోపంతో బయటే నిలబడ్డాడు, తండ్రి బయటికొచ్చి బతిమాలాడు, అయినా వాడు బయటే ఉండిపోయాడని గట్టిగా చెప్పాను. కూడిక అయ్యాక నేను బండెక్కబోతుంటే ఆయన హ్యాండిలు వదల్లేదు.

"ఆ పెద్దోడు లోపలికి పోయిండా, లేదా?"

"రాయలేదండీ."

"రాయకుంటే, వాడు బయటనే ఉండిపోయిండని నువ్వెట్ల చెప్పినవ్ అంత గట్టిగ?"

ఇంటికొచ్చి ఆ అధ్యాయం మళ్ళీ చదివాను. తండ్రి మాటతోనే ముగిసిపోయింది. పెద్దవాడు ఏం చేశాడో నిజంగానే లేదు. ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చాను గాని, ఆ ఖాళీని నేను చూడలేదు. మళ్ళీ దాని గురించి ఆయన మాట్లాడలేదు. కూడికలకు మాత్రం మానలేదు. గడప దాటనూ లేదు.

ఇప్పుడు చెప్పండి, ఈ మనిషి ఎక్కడున్నాడని ఆ అమ్మాయికి నేను చెప్పాలి?

మా సంఘంలో పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "కర్మ చేసే ఇంటికి వెళ్ళకు. వెళ్ళి ప్రార్థన చేస్తే, బాప్తిస్మం లేనివాడు పరలోకంలో ఉన్నాడని నువ్వు ఒప్పుకున్నట్టే." ఆయన అన్నది నేను నేర్పిన మాటే. వెళ్ళకపోతే ఆ అమ్మాయికి ఇచ్చిన మాట పోతుంది. వెళ్ళి ఉన్నాడంటే నేను చెప్పిన బోధ పోతుంది, లేడంటే నా నోరే పోవాలి. మోకాళ్ళ మీద పడి అడిగాను. ఏ వచనమూ తలపుకు రాలేదు.

పదో రోజు వెళ్ళాను. వరండాలో చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి నన్ను ముందుకు పిలిచి, అందరి ఎదుటా అదే ప్రశ్న అడిగింది. నేను గ్రంథం తెరవలేదు.

"తెలియదమ్మా. దేవుణ్ణి అడుగుతున్నాను. నాకింకా చెప్పలేదు" అన్నాను. తరువాత ఓనరుగారి గురించి నాకు తెలిసినంత చెప్పాను. ఎండలో, ఆపడానికి వీలున్న ఇంజన్ని ఆపకుండా, ఒక కిటికీ పక్కన ఆయన నిలబడ్డారని చెప్పాను. ఎందుకో నాకు తెలియదని కూడా చెప్పాను. ప్రార్థన రెండు మాటల్లో అయిపోయింది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాన్న సుత మాకేం చెప్పలే అంకుల్. అడిగితే ఇంజన్ అనేటోడు" అంది.

అప్పుడు ఎవరో గేటు వైపు చూపించారు. బోయిన్‌పల్లి ఆడవాళ్ళు నలుగురైదుగురు మార్కెట్టు పని నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, వీధిలో గోడ వారన నిలబడి ఉన్నారు. లోపల కర్మ జరుగుతోంది, తాము రావచ్చో రాకూడదో వాళ్ళకు తెలియడం లేదు. నావైపు చూశారు. నాకూ తెలియలేదు. ఆ అమ్మాయి లేచి గేటు దాకా వెళ్ళింది. ఏమీ అడగలేదు. ఒక్కొక్కరినీ మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. చివరి ఆమె గడప దగ్గర ఆగి, వంగి, కొంగుతో తన పాదాలకంటిన మార్కెట్టు బురద తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆ అమ్మాయి ఆమె చెయ్యి వదలకుండా, తుడుచుకోవడం అయ్యేదాకా పక్కనే నిలబడింది.