పసుపు దారంతో కోసిన కేకు

నా చిన్నప్పుడు నౌపడలో మా వీధివాళ్ళు నన్ను టెలిగ్రాం అని పిలిచేవారు. నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఒకరి దగ్గర విన్న మాట ఇంకొకరికి చేరవేసేదాన్ని, అదీ ఉన్నదున్నట్టు కాదు, దారిలో కాస్త ఉప్పూ కారం తగిలించి. తొమ్మిదేళ్ళ పిల్లకి అంతకంటే గొప్ప ఉద్యోగం ఏముంటుంది? చాలా శ్రద్ధగా చేశాను. నా శ్రద్ధ వల్ల మా చిన్నత్త పెళ్ళికేకు ఆగిపోయేంత పనైంది.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ స్నేహితురాలి పెళ్ళిలో మూడంతస్తుల కేకు చూసొచ్చి, తన పెళ్ళికీ అలాంటిది కావాలని మనసుపడింది. చీర ఏ రంగైనా సరే అంది, నగల మాట ఎత్తలేదు, పెళ్ళికొడుకుని ఒక్కసారి చూసి ఊ అనేసింది. కేకు దగ్గర మాత్రం పట్టుబట్టింది. కొందామంటే ఆ రోజుల్లో మా ఊళ్ళో దొరకదు, ఇంట్లోనే చేసుకోవాలి. చేస్తానని పక్కింటి అక్క ముందుకొచ్చింది. ఆవిడ విజయనగరం నుంచి మా పక్కింటికి కోడలిగా వచ్చింది. మా వీధి మొత్తానికి కేకు చేయడం తెలిసిన మనిషి ఆవిడొక్కర్తే.

పెళ్ళి ఇంకా పదిహేను రోజులుందనగా పాత క్యాలెండరు కాగితం తిరగేసి అక్క కేకు బొమ్మ గీసింది. కింద అంతస్తుకి మా పులుసుగిన్నె, మధ్యదానికి పెరుగుగిన్నె, పైదానికి నా పాలగిన్నె అచ్చులన్నమాట. ఓవెన్ లేదు కదా అని చిన్నత్త దిగులుపడితే, ఉప్పుందిగా అంది అక్క. మా తాతయ్య ఉప్పు పండించే కొఠార్లలో మేస్త్రీ, ఇంట్లో ఉప్పుకి కొదవలేదు. పెద్ద గుండిగ అడుగున నాలుగువేళ్ళ మందాన రాళ్ళుప్పు పరిచి, పొయ్యి మీద బాగా కాగనిచ్చి, దాని మీద కేకుగిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసి మొదటి కేకు కాల్చారు. అది పిడకలా వచ్చింది. వీధంతా తలో ముక్కా కొరికి పక్కన పెట్టేశారు. తాతయ్య ఒక్కడే టీలో నానబెట్టుకుని మొత్తం తిన్నాడు, పళ్ళకి కాస్త పని ఉండాలన్నాడు.

రెండో కేకు మెత్తగా పొంగింది. సరిగ్గా అప్పుడే మా నాయనమ్మ వద్దంది. కారణం అడిగేలోపే చిన్నత్త తోకతొక్కిన తాచులా లేచింది, మాటా మాటా పెరిగింది, తల్లీ కూతుళ్ళకి మాటలు ఆగిపోయాయి. నాయనమ్మ వంటింట్లో, చిన్నత్త వీధిగదిలో. మధ్యలో ఇరవై అడుగుల నడవ. ఆ నడవలో నేను.

నాయనమ్మ నన్ను పిలిచి, పెళ్ళినాడు కత్తి పెట్టి కోసే వస్తువు తన మనసుకి నచ్చలేదని చిన్నత్తకి చెప్పమంది. ఇంత చప్పటి మాట మోసుకెళ్ళడం నాకు నామోషీ అనిపించింది. వీధిగదిలోకి వెళ్ళి, కేకు పేరెత్తితే పెళ్ళే ఆపేస్తానంటోంది నాయనమ్మ అని చెప్పాను. చిన్నత్త కళ్ళనీళ్ళు పెట్టుకుని, నేనడిగింది ఇదొక్కటే కదా అని చెప్పమంది. దాన్ని వంటింటికి తీసుకెళ్ళేసరికి, నువ్వసలు కన్నతల్లివేనా అని అడుగుతోంది అయింది. నాయనమ్మ గరిటె కింద పెట్టేసింది. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. నాకు కాస్త భయం వేసింది, కానీ ఉద్యోగం మానలేదు.

పెళ్ళి నాలుగు రోజులుందనగా చిన్నత్త పక్కింటి అక్క దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. కేకూ వద్దు ఏమీ వద్దు, అమ్మ నా మొహం చూడకుండానే నన్ను పంపించేస్తుంది, అదే నా బాధ అంది. గుమ్మం పక్కన నక్కి విన్నాను. అంతవరకూ సరదాగా ఉన్నదల్లా ఒక్కసారిగా సరదా కాకుండా పోయింది.

అక్క నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, చిన్నత్తకి చెప్పనూ లేదు. చిన్నత్త వెళ్ళాక నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, కేకు మీదికని దాచిన పలాస జీడిపప్పులు పది లెక్కపెట్టి నా గౌను ఒడిలో పోసింది.

"ఇవి నీవేనే. ఇప్పుడెళ్ళి మీ నాయనమ్మని అడుగు, కేకే వద్దా, కేకులో ఏదైనా వద్దా అని. ఆవిడేటంటే అదే నాకొచ్చి సెప్పు. తరవాత నానెళ్ళి ఆవిణ్ణే అడుగుతాను. నువ్వు కలిపిన మాటకో పప్పు, దారిలో పారేసిన మాటకో పప్పు ఎనక్కి తీసుకుంటాను."

కలిపితే తప్పని నాకూ లోలోపల తెలుసు. పారేయడం కూడా లెక్కలోకి వస్తుందని మాత్రం అప్పుడే తెలిసింది. అప్పటిదాకా నాయనమ్మ వద్దుని మాత్రం మోసుకెళ్ళి, ఎందుకు వద్దో నడవలోనే వదిలేసేదాన్ని. వద్దు బరువుగా, గొప్పగా ఉండేది. ఎందుకో అన్నది నాకు పనికిరాని ముక్కలా కనిపించేది.

వెళ్ళి అడిగాను. నన్నెవరైనా ఆ మాట అడిగారా ఇంతవరకూ అంది నాయనమ్మ. తర్వాత చెప్పింది. పెళ్ళింట్లో గుడ్డు కలిపింది వద్దు. పుట్టినరోజుకి చేసినట్టు దీపాలు ఊది ఆర్పడం వద్దు. పసుపు తాడు కట్టిన చేతులతో కత్తి పట్టి రెండుగా కోయడం అస్సలు వద్దు. అంతే.

ఈ మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ, ఎవరు పలకరించినా ఆగకుండా అక్క దగ్గరికి పరిగెత్తాను. అక్క పకపకా నవ్వింది. గుడ్డు మొదట్నుంచీ లేనేలేదట, పెరుగూ వంటసోడాతోనే పొంగిస్తోందట. దీపాలు పెట్టే ఆలోచనే లేదట. ఇక మిగిలింది కత్తి. ఆ మాట ఆవిణ్ణే అడుగుదాం పదమని చిన్నత్తని కూడా లాక్కుని మా వంటింట్లోకి వచ్చింది.

నాయనమ్మ తలెత్తకుండానే అంది, "కత్తెందుకే? మాయమ్మ దిబ్బరొట్టి దారంతోనే కోసీది. ఇద్దరూ సెరో కొసా అట్టుకుని లాగితే తెగదేటి?"

చిన్నత్త అక్కడే కూలబడి తల్లి ఒళ్ళో మొహం పెట్టేసుకుంది. పెళ్ళి ఆపేస్తానన్నావట కదా అని అడుగుతుందేమోనని వెనక్కి జరిగాను. అడగనే అడిగింది. నాయనమ్మ తెల్లబోయింది. ఇద్దరూ నెమ్మదిగా నా వైపు తిరిగారు. నేనే అన్నాను ఆ మాట, నాయనమ్మ అనలేదు అని ఏడుస్తూ ఒప్పుకున్నాను. నాయనమ్మ నా చెవి మెలేసింది. ఆ చెవి రెండు రోజులు ఎర్రగా ఉంది. పప్పులు పదీ మాత్రం అక్క నాకే వదిలేసింది.

పశ్చాత్తాపం కొద్దీ ఆ పదీ నేను తినలేదు. పెళ్ళినాడు పొద్దున్న మూడంతస్తులూ పేర్చి, ఎండకి వెన్న నిలవదని పైన పాలకోవా పూశారు. ఎవరూ చూడకుండా నా పప్పులన్నీ పై అంతస్తు నడిమధ్యలో వరసగా లోపలికంటా గుచ్చేశాను. తీరా తలంబ్రాలయ్యాక, నాయనమ్మ స్వయంగా పసుపులో ముంచిన దారాన్ని వధూవరులు చెరో కొసా పట్టుకుని లాగితే సగం దాకా దిగి నా జీడిపప్పుల దగ్గర ఆగిపోయింది. లాగారు, రాలేదు. కొత్త మావయ్యకి చెమటలు పట్టాయి. తాతయ్య పక్కన నిలబడి, కొఠార్లో కూలీలకి చెప్పినట్టు ఒకేసారి లాగండర్రా అని కేకలేశాడు. పంతులుగారు కూడా హైలెస్సా అన్నారు. గట్టిగా లాగేసరికి దారం తెగింది, పై అంతస్తు ఎగిరి పంతులుగారి ఒళ్ళో పడింది. పందిరంతా ఒకటే నవ్వు. నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వలేక నవ్వింది.

సాయంత్రం అత్తవారింటికి పంపడానికి అందరం స్టేషనుకి వెళ్ళాం. నాయనమ్మ మాత్రం రైలు దగ్గరికి రాలేకపోయింది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని నన్ను పిలిచింది.

"ఒసే, మీయత్తకి సెప్పు, కేకు అడుగు మాడిందని. మళ్ళీ వచ్చినప్పుడు దగ్గరుండి నానే బాగా సేయిస్తానని సెప్పు."

పరిగెత్తాను. రైలు కూత వేసేసింది. మొదటి ముక్క వదిలేస్తే బాగుంటుందేమో, వెళ్ళిపోయే మనిషికి మాడిందని చెప్పడమేమిటి అని దారిలో మనసు లాగింది. వదల్లేదు. కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి రెండూ చెప్పాను, నాయనమ్మ గొంతుతో సహా. చిన్నత్త మాడిందన్నదగ్గర నవ్వింది, మళ్ళీ వచ్చినప్పుడు అన్నదగ్గర ఏడ్చింది. రైలు కదిలేదాకా ఆ రెండూ ఆగలేదు. వట్టి తీపి మాట తీసుకెళ్ళి ఉంటే అది వాళ్ళమ్మ మాటని ఆవిడ నమ్మేదే కాదు.

ఇప్పుడు మా ఇంట్లో కొడుకూ కోడలూ అలిగినప్పుడల్లా నా నడవ నాకు మళ్ళీ దొరుకుతుంది. అమ్మా, ఏమంటోంది అని వాడు గదిలోంచి అడుగుతాడు. మూడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాను. అడుగు మాడిందన్న మాటా చెబుతాను, మళ్ళీ రమ్మన్న మాటా చెబుతాను.