హాల్లో సన్‌సెట్, వంటింట్లో నా నీడ

మనిషి మనసు బాగుండాలంటే ఇంట్లో లైట్లు బాగుండాలన్న సంగతి మావారికి యాభై దాటాక తెలిసింది. తెలిసిన సంగతిని కడుపులో దాచుకునే మనిషి కాదాయన.

అప్పట్లో మేము బందరులో ఇల్లు కట్టుకుంటున్నాం. ఆయన ఉద్యోగం గుడివాడలో, ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, సాయంత్రం రైలుకి తిరిగొస్తారు. ఆ ప్రయాణంలో కిటికీలోంచి చేలు చూడడం ఎప్పుడో మానేసి, ఫోను చూడడం మొదలుపెట్టారు. ఆ ఫోనులో ఎవరో పెద్దమనిషి తెల్ల లైటు మనిషి నరాలని ఎలా పీక్కుతింటుందో, పసుప్పచ్చటి వెలుగు మనసుకి ఎలా జోకొడుతుందో వివరంగా చెప్పాడట. ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా, మా అద్దెయింటి ట్యూబులైటు వైపు వేలు చూపించి, "ఇన్నేళ్ళూ మనిద్దరికీ పడకపోవడానికి కారణం ఇదేనోయ్," అన్నారు.

నేను తలెత్తి దాని వైపు చూశాను. జాలేసింది. మా పుట్టింటి మీదా, నా ఉద్యోగం మీదా, పప్పులో ఉప్పు మీదా అన్నేళ్ళుగా వేస్తూ వచ్చిన నిందలన్నీ ఒక్కసారిగా ఆ ట్యూబులైటు నెత్తిన పడ్డాయి.

తర్వాతి ఆదివారం విజయవాడ నుంచి ఇంటీరియర్ ఆయన వచ్చాడు. చేతిలో పలక లాంటి ట్యాబు. సగం కట్టిన ఇంట్లో, సిమెంటు బస్తాల మధ్య నిలబడి, డాక్టరు రోగిని అడిగినంత మెత్తగా మావారిని అడగడం మొదలుపెట్టాడు.

"సార్, హాల్లోకి అడుగు పెట్టగానే మీరెలా ఫీలవ్వాలనుకుంటున్నారండీ?"

"ప్రశాంతంగా," అన్నారు మావారు.

"బెడ్‌రూములో?"

"అక్కడా ప్రశాంతంగానే."

"బాల్కనీలో?"

మావారు ఇంకా గోడ లేవని బాల్కనీ వైపు చూశారు. "అక్కడ కొంచెం ఆధ్యాత్మికంగా ఉంటే బాగుంటుందండీ."

ఆయన ప్రశాంతతనీ, ఆధ్యాత్మికతనీ ట్యాబులో రాసుకున్నాడు. గోడ మీది బైబిలు వాక్యం ఫ్రేము వెనక వెలుగు రావాలన్నారు మావారు, రాసుకున్నాడు. బాత్రూములో మాత్రం ఉత్సాహంగా ఉండాలన్నారు, అదీ రాసుకున్నాడు. చివరికి, "కిచెన్‌లో?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మావారు, "అక్కడేముందండీ, వంటేగా! ఒకటి పెట్టేయండి," అన్నారు. ఆయన వంటింటి బొమ్మలో సరిగ్గా సీలింగు మధ్యలో ఒక చుక్క పెట్టాడు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. దీపం వెనకుంటే నీడ ముందు పడుతుందని ఏటా ఏడో తరగతి పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. ఆ ముక్కే ఇంటీరియర్ ఆయనకీ చెప్పాను. "గట్టూ స్టవ్వూ గోడ వైపున్నాయండీ. అక్కడ నిలబడితే లైటు నా వీపు మీద పడుతుంది. నా నీడలో నేనే కూరగాయలు తరుక్కోవాలి. గట్టు మీదుగా ఒకటి పెట్టండి," అన్నాను.

ఆయన చాలా మర్యాదగా నవ్వాడు. "మేడమ్, కిచెన్ ఎప్పుడూ మినిమల్‌గా ఉంటేనే అందమండీ."

మినిమల్ అంటే తక్కువ అని నాకు తెలుసు. తక్కువ ఎవరికన్నది మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇల్లు పూర్తయింది. హాల్లో సీలింగు కింద ఇంకో సీలింగు, దాని అంచుల్లో కనిపించకుండా దాక్కున్న లైట్లు. వాటికొక రిమోటు. దాని మీద డేలైట్, సన్‌సెట్, ఓషన్, ఫారెస్ట్, రొమాన్స్ అని బటన్లు. మావారు ఆ రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు వేయించి జేబులో పెట్టుకు తిరిగేవారు.

గృహప్రతిష్ఠ ప్రార్థన సాయంత్రం పెట్టుకున్నాం. అందరూ వచ్చి కూర్చోగానే మావారు సన్‌సెట్ నొక్కారు. హాలంతా మగ్గిన మామిడిపండు రంగుకి తిరిగింది. పాస్టరు గారు బైబిలు తెరిచి, కళ్ళకి దగ్గరగా పెట్టి చూశారు, దూరంగా పెట్టి చూశారు. సిగ్నలు దొరకని ఫోనులాగా కాసేపు అటూ ఇటూ తిప్పి, మెల్లగా మూసేసి, కంఠతా వచ్చిన కీర్తన చెప్పి ముగించారు. వెనక వరసలో మొవ్వ నుంచి వచ్చిన మా దూరపు బంధువు ఒకాయన లేచి, మావారిని పక్కకి పిలిచాడు.

"లో ఓల్టేజి వస్తోందా బావగారూ? మా మొవ్వలోనూ ఇంతే. కరెంటాఫీసులో గట్టిగా అడగండి."

"లో ఓల్టేజి కాదు బావా, మూడ్ లైటింగు."

"ఓహో, మూడా! మళ్ళీ ఎప్పటికొస్తుందంట కరెంటు?"

మావారు ఆయనకి భోజనాల్లో రెండోసారి బిర్యానీ వడ్డించలేదు.

అలా మా కొత్త జీవితం మొదలైంది. సాయంత్రం రైలు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మావారు హాల్లో కూర్చునేవారు. మా హాలుకి పడమటి వైపు పెద్ద కిటికీ ఉంది. ఆ వేళకి బయట అసలు సూర్యుడే కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతూ ఉండేవాడు. ఆయన లేచి, ఆ ఎండ కళ్ళలో పడుతోందని కర్టెన్లు దగ్గరికి లాగి, సోఫాలో వెనక్కి వాలి, సన్‌సెట్ నొక్కేవారు. కాసేపటికి గుర్రు వినిపించేది. మనసుకి జోకొట్టడమన్న మాట మటుకు నిజమే.

నేను బడి నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అక్కడ మినిమల్‌గా నేనూ, నా నీడా. బెండకాయ ముదరో లేతో కంటికి తెలిసేది కాదు, వేలితో విరిచి చూసుకోవాలి. బియ్యంలో రాయి కనిపించేది కాదు, పంటికే తెలిసేది. మెడ పక్కకి వంచి, ఒంటి కాలి మీద ఒరిగి, వెనక నుంచి వచ్చే వెలుగుకి దారిస్తూ కత్తి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. రాత్రికి తలనొప్పి. పొద్దున లేస్తే చిరాకు. వేలు తెగితే చిరాకు, పాలు పొంగితే చిరాకు, బడిలో పిల్లల మీదా చిరాకు. ఒకరోజు గరిటె విసిరినంత పని చేస్తే, మావారు సోఫాలోంచి నన్ను దయగా చూశారు.

"నీకు ఈమధ్య టెన్షన్ ఎక్కువైందోయ్. రా, కాసేపు ఇక్కడ కూర్చో. సన్‌సెట్ పెడతాను."

"అన్నం ఎవరు వండుతారండీ?"

"వండేసి రా. తొందరేముంది!"

ఇలా ఉండగా మావారికి తన మేనేజరు గారినీ, ఆయన భార్యనీ ఇంటికి పిలవాలని పుట్టింది. భోజనం పేరుతో లైట్లు చూపించాలని ఆలోచన. ఈ కబురు నాగాయలంకలో ఉన్న వాళ్ళక్కకి చేరింది. మా వదినా వాళ్ళాయనా రేవులో చేపలు కొని ఊళ్ళకి పంపే వ్యాపారం చేస్తారు. "మేనేజరు గారికి మార్కెట్టు చేప పెడతావంట్రా? నేను తెస్తా," అని ఫోను చేసి, ఆ ఆదివారం ఐసుపెట్టెతో సహా బస్సు దిగింది. పెట్టెలో ఉన్న పండుగప్ప నా చెయ్యంత పొడుగు. ఆ తెల్లారుజామునే వలలోంచి తీసిన చేప. మొప్పలు ఎర్రగా మెరుస్తున్నాయి.

మావారు అతిథుల్ని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళారు. పొద్దు వాలింది. వదిన వంటింట్లో కత్తిపీట వేసుకుని, చేపని ఇటు తిప్పి అటు తిప్పి, నా వైపు చూసింది.

"ఏంటమ్మాయ్, నీ వంటింట్లో నా నీడ తప్ప నాకు చేప కనపడట్లేదు?"

"ఇది మినిమల్ వదినా."

"మా ఊళ్ళో రొయ్యల చెరువు కాపలా పాకలో ఇంతకన్నా మంచి లైటుందే!"

అని, కత్తిపీటా చేపా తీసుకుని, చరచరా హాల్లోకి నడిచింది. గచ్చు మీద పాత పేపర్లు పరిచి, అతిథులకి కనపడాలని మావారు టీపాయ్ మీద పెట్టి వెళ్ళిన రిమోటు నా చేతికిచ్చి, "కళ్ళు కనపడేది నొక్కు," అంది. వద్దనడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుని, డేలైట్ నొక్కాను. హాలు పట్టపగలైంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ పొలుసు తీస్తుంటే, నేను ఉల్లిపాయలు తరుగుతూ, ఆవిడ చెప్పే రేవు కబుర్లకి నవ్వుతున్నాను. ప్రతి ఉల్లిపాయా నాకు కనిపిస్తోంది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

అదే సమయానికి గుమ్మంలో మావారు, ఆయన వెనక మేనేజరు గారూ, భార్యా. మావారి మొహం చూడాలి.

నిజానికి అప్పటికింకా ఏమీ మించిపోలేదు. మేనేజరు గారి భార్య ఒక్క అడుగు ముందుకేసి, "అబ్బ, ఎంత చేపండీ! పులుసా, వేపుడా?" అంది. మేనేజరు గారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. వదిన పొంగిపోయి, మొప్ప ఎత్తి చూపించింది. అంతటితో ఊరుకుంటే పోయేది. కానీ మావారికి తల తీసేసినట్టైంది. ప్రశాంతత కోసం కట్టించుకున్న హాల్లో పేగులు! దృష్టి మళ్ళించాలని నా పక్కనున్న రిమోటు అందుకుని, "ముందు లైట్లు చూడండి సార్," అని ఓషన్ నొక్కారు.

హాలు నీలమైంది. పేపరు మీదున్న నెత్తురు నల్లగా మారింది. ఎర్రటి మొప్పలు బొగ్గుముక్కల్లా ఉన్నాయి.

"ఒరేయ్, లైటు కదపమాకు! వేలు తెగుద్ది!" అని అరిచింది వదిన.

"ఒక్క నిమిషం అక్కా," అని ఆయన ఫారెస్ట్ నొక్కారు. చేప ఆకుపచ్చగా, నాచు పట్టినట్టు, వారం రోజులుగా కాలవలో తేలుతున్నట్టు కనిపించింది. మేనేజరు గారి భార్య ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుంది. వాసనేమీ లేదు, రంగే. కంగారులో ఆయన మళ్ళీ నొక్కితే ఈసారి రొమాన్స్ వచ్చింది. ఆ ఊదారంగులో చేప కన్ను మేనేజరు గారినే చూస్తోంది.

ఆయన మడిచిన చొక్కా చేతులు మెల్లగా కిందికి దింపుకున్నారు. "ఏమనుకోకండీ, మా ఆవిడకి ఈమధ్య నీసు పడట్లేదు," అన్నారు. ఇద్దరూ ఆవకాయతో పెరుగన్నం తిని, లైట్లు చాలా బాగున్నాయని చెప్పి, వెళ్ళిపోయారు.

తలుపు మూసుకోగానే వదిన లేచి నిలబడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అది నేను ఊహించలేదు.

"మా రేవులో ఒక్కడు చేప చూసి ముక్కు మూసుకుంటే ఆ మాట సాయంత్రానికి దివిసీమంతా పాకుద్దిరా. ఇన్నేళ్ళల్లో నా చేప చూసి ఎవరూ మొహం తిప్పుకోలా. నువ్వు బటన్ నొక్కి కుళ్ళబెట్టావు!"

"అది ఎఫెక్ట్ అక్కా. నిజంగా పాడవ్వలేదు కదా."

"ఎఫెక్టో గిఫెక్టో! నీ పెళ్ళాం వంటింట్లో చేప చేపలాగా కనపడేదాకా నా ఇంటి నుంచి నీకు పొలుసు కూడా రాదు."

ఆ రాత్రి పులుసు అద్భుతంగా కుదిరింది. మావారు తలెత్తకుండా తిన్నారు, రెండుసార్లు వేయించుకుని.

వదిన అన్నంత పనీ చేసింది. మావారు బందరు మార్కెట్టులో చేప కొని తెచ్చి, తిని, పెదవి విరిచేవారు. ఆవిడ మాత్రం క్రమం తప్పకుండా వాట్సాప్‌లో ఫొటోలు పంపేది. మంచి ఎండలో తీసిన టైగరు రొయ్యలు, మాగ చేపలు, గుడ్డుతో ఉన్న పీతలు. కింద ఒక్క మాట కూడా రాసేది కాదు. ఆయన ఆ ఫొటోలని సన్‌సెట్ వెలుతురులో చాలాసేపు చూస్తూ కూర్చునేవారు. ప్రశాంతత తగ్గుతూ వచ్చింది.

ఆఖరికొక శనివారం ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొచ్చారు. గట్టు మీది కప్‌బోర్డుల అడుగున, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ఒక సన్నని లైటు బిగించి వెళ్ళాడతను. దానికి రిమోటు లేదు, రంగులు లేవు. గోడకి ఒక స్విచ్చి, అంతే.

ఆ సాయంత్రం స్విచ్చి వేసి, ఎందుకో చాలాసేపు ఊరికే నిలబడ్డాను. గట్టు మీద నా నీడ లేదు. నా చేతులు కనిపించాయి, వేళ్ళ మీద పాత కోతల గీతలతో సహా. కొత్తిమీర అంత పచ్చగా ఉంటుందని మర్చిపోయాను. మెడ నిటారుగా పెట్టుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడి వంట చేశాను. వారం తిరిగేసరికి తలనొప్పి మందు గుర్తుకు రావడం మానేసింది. బడిలో పిల్లలు, "మేడమ్ ఈమధ్య తిట్టట్లేదేంట్రా?" అనుకోవడం నా చెవిన పడింది. ఆ ఫోనులోని పెద్దమనిషి అన్నది ఎంతైనా నిజమే. ఆయన మాట మావారి చెవిలోంచి వంటింటి దాకా రావడానికే ఇంత కాలం పట్టింది.

వదినకి కొత్త లైటుతో వంటింటి ఫొటో పంపాను. మర్నాడే ఐసుపెట్టె వచ్చింది.

ఆ రోజు భోజనం దగ్గర మావారు రొయ్య ఒలుచుకుంటూ, "చూశావా? లైటింగు మారితే మనిషి మారతాడని మొదటి నుంచీ నేను చెప్తూనే ఉన్నాను," అన్నారు. నేను ఇంకో రెండు వడ్డించుకున్నాను. రొయ్యలు బాగున్నాయి.

తిన్నాక ఆయన కంచం పెట్టడానికి వంటింట్లోకి వచ్చారు. ఎప్పుడూ సింకులో పడేసి వెళ్ళిపోయే మనిషి, ఆ వెలుతురుకి ఆగిపోయారు. గట్టు పొడుగునా చూశారు. స్టవ్వు వెనక టైల్సు దగ్గరికి వంగారు. వేలితో రాసి చూసుకున్నారు.

"ఇక్కడంతా జిడ్డుందోయ్! ఎప్పటిదిది?"

"కనపడుతోందాండీ?" అన్నాను.

"కనపడకేం! ఇంత స్పష్టంగా ఉంటే!"

నేను పీచూ సబ్బూ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటినీ, నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత మెల్లగా లుంగీ పైకి కట్టుకుని, రుద్దడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక వెనక్కి తిరగకుండానే, "ఈ లైటు మరీ ఎక్కువగా ఉంది. తగ్గించే బటన్ ఏమైనా ఉందా?" అన్నారు.

"లేదండీ," అన్నాను. "ఆ మూల కూడా చూడండి."