పెళ్లిలో ఖాళీ ఫ్రేము

మన దేశం నుంచి వలసొచ్చి మేముంటున్న న్యూ లిన్‌లో మా పక్కింటి తెల్ల ఆంటీకి కంప్యూటరంటే చిరాకు. అందుకే ఆవిడ పూర్వీకుల వేట మా ఇంటి ఈమెయిల్ మీద పడింది. ఆవిడ ముత్తాత అమెరికాలో పుట్టి, తిమింగలాల్ని వేటాడే ఓడలో వంటవాడిగా వచ్చి, ఇక్కడ దిగి మళ్లీ ఓడ ఎక్కలేదట. ఆయన తల్లి ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. మనవరాలి పెళ్లిలోపు ఆ తల్లి ముఖం చూడాలని ఆంటీ కోరిక. ఆవిడ చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. అమెరికాలో ఆయన ఇంటిపేరున్నవాళ్లు ఎవరు దొరికితే వాళ్లకి రాశాం.

పెళ్లి దగ్గరపడుతుండగా ఆవిడ దూరపు బంధువొకాయన ఆ తల్లి ఫోటో పంపాడు. మా నత్తనడక ఇంటర్నెట్‌లో అది పైనుంచి మెల్లగా దిగింది. ముందు తలగుడ్డ, తర్వాత ముఖం, ఆ తర్వాత బట్టలుతికే తొట్టి అంచు మీద రెండు చేతులు. నల్లజాతి మనిషి. కొడుకు పుట్టేనాటికి బానిసగా ఉండేదని కింద రాశాడు.

ముందుగా నాకు తోచిందేమిటో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయ్యో, ఈ సంగతి తెలిస్తే పిల్ల పెళ్లి ఆగిపోతుందే అనుకున్నాను.

మా ఇంట్లో అంతే మరి. మా నాయనమ్మది వేరే కులం. మాలో ఎవరికి సంబంధాలు చూస్తున్నా ఆవిడ పుట్టింటి ఊసు ఎత్తేవాళ్లు కాదు. ఆవిడ తమ్ముడు వస్తే పెరట్లో కూర్చోబెట్టి, అన్నం పెట్టి పంపేసేవాళ్లు. ఎవరైనా అడిగితే కొబ్బరికాయలు దింపడానికొచ్చాడని చెప్పమనేవారు. నేనూ అలాగే చెప్పాను. మూడు ముళ్లూ పడేదాకా నోరు మెదపకూడదన్నది నాకు ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి.

ఫోటో ప్రింటు తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. "వాళ్ల ముసలమ్మ ఫోటో వాళ్లకివ్వడానికి నీకు నొప్పేంటే?" అన్నారు మావారు. మీకేం తెలియదు, ఊరుకోండని కసిరాను. ఆంటీ రోజూ ఫెన్స్ దగ్గర నిలబడి, ఏమైనా వచ్చిందా అని అడిగేది. ఇంకా లేదనేదాన్ని. రెప్ప కూడా వేయకుండా చెప్పేదాన్ని, నా మొహం మండ.

పెళ్లి టౌరంగా అనే ఊళ్లో. హాలు గుమ్మం పక్కన బల్ల మీద రెండు వైపుల పోయిన పెద్దల ఫోటోలు పెట్టారు. పెళ్లికొడుకు తల్లి ఈ గడ్డ మీద మొదట్నుంచీ ఉన్న మావోరీ మనిషి. తమవాళ్ల ఫోటోలు ఒక్కొక్కటీ చేత్తో నిమిరి సర్దుతోంది. ఆంటీవాళ్ల ఫోటోల మధ్యలో ఒక ఫ్రేము ఖాళీగా ఉంది. అందులో ఎవరుండాలో నాకు ఒక్కదానికే తెలుసు. ఫోటో దొరక్కపోయినా ఆవిడ చోటు ఆవిడకుండాలని పెట్టానంటూ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. పెళ్లికొడుకు తల్లి ఆ ఖాళీ అద్దాన్ని కూడా కొంగుతో తుడిచినంత ఆప్యాయంగా తన స్కార్ఫ్‌తో తుడిచింది.

తిరిగొచ్చిన మర్నాడు ఫోటో ఇచ్చి, ఎందుకు దాచానో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆంటీ కోప్పడలేదు. ఫోటోలోని చేతుల పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది.

"పెళ్లికి ఈవిణ్ణి కూడా తీసుకెళ్లేదాన్ని కదా," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. అంత దూరం నుంచి వచ్చిన ఆ తల్లిని నేను పెరట్లోనే కూర్చోబెట్టాను.