మగపిల్లాడి ఆకారపు దిండు

పింగాణీతో తలదిండు చేస్తారంటే మా చెల్లెలు నమ్మలేదు. వెయ్యేళ్ల కిందట చైనాలో చేసేవారని, వాటి మీద పూలు, పులులు, పద్యాలు కూడా గీసేవారని, ఎండాకాలం తలకు చల్లగా ఉండేవని చెప్పాను. నేను జ్యోతినగర్‌లో బడిపిల్లలకు బొమ్మలు చేయడం నేర్పుతాను. వాళ్లకు చూపించడానికని అలాంటి దిండొకటి చేసి, హైదరాబాద్‌లో స్నేహితురాలి బట్టీలో కాల్పించి తెచ్చాను. బోర్లా పడుకున్న చంటి మగపిల్లాడు. వాడి వీపు మీదే తల పెట్టుకోవాలి. ఇంటికి వెళ్లేముందు సెంటినరీ కాలనీలో చెల్లెలింట్లో ఆగి చూపించాను. కొడుకులు పుట్టాలని ఆ కాలపు ఆడవాళ్లు ఇలాంటివాటి మీద పడుకునేవారట అని చెప్పి నవ్వాను.

చెల్లెలి అత్త నవ్వలేదు. "నాలుగు దినాలు ఈడనే ఉంచు బిడ్డా. సల్లగుంటది, పండుకుంట" అంది. పెద్దావిడ కదా అని ఇచ్చాను.

తర్వాతి వారం చెల్లెలు ఫోన్ చేసింది. "మెడ తిప్పరాకుంటయింది అక్కా. ఒక్కపారి రారాదు?" అప్పటికి దానికి ఆరో నెల. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడో కాన్పు.

వెళ్లి చూస్తే దాని మంచం మీద దూది దిండు లేదు. నా పింగాణీ బొమ్మ ఉంది. నుదుట కుంకుమ, బుగ్గన దిష్టిచుక్క. చెల్లెలి చిన్న కూతురు దాన్ని ముట్టబోతే ముసలామె చేతి మీద ఒక్కటేసింది. "తమ్మున్ని ముట్టకు!" ఆ పిల్లల బుగ్గన ఏనాడైనా దిష్టిచుక్క పెట్టిందా ఈమె? నా ఒళ్లు మండిపోయింది.

"ఏంది అత్తమ్మా ఇది? కడుపుతోటున్న పిల్లను రాయసొంటి దాని మీద పండవెడ్తరా?"

"నువ్వే చెప్తివి గద, కొడుకు పుడుతడని."

"వాళ్లు గట్ల అనుకునేటోళ్లని చెప్పిన. పుడుతడని చెప్పిన్నా?"

అప్పుడే గని డ్యూటీ దిగి వచ్చిన చెల్లెలి మొగుడు చొక్కా విప్పుకుంటూ, "అమ్మ సంబురం వదినె. నాలుగు రోజులు పండుకుంటే ఏమైతది?" అన్నాడు.

"ఏం కాకుంటే నువ్వే పండు!"

నా అరుపుకు పక్క క్వార్టర్ వాళ్లు తలుపు తీసి చూశారు. చూడనీ అనుకున్నాను. బొమ్మను సంచిలో వేసుకుని, చెల్లెలినీ పిల్లలిద్దరినీ ఆటో ఎక్కించి మా ఇంటికి తెచ్చేశాను. కాన్పు దాకా నా దగ్గరే ఉంచుకున్నాను.

దవాఖానలో కడుపు కోసి పాపను తీశారు. ముసలామె బిడ్డను ఎత్తుకోకుండానే నా వైపు తిరిగింది. "నువ్వు గా బొమ్మను గుంజుకపోవట్టే గిట్లయింది."

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి చెల్లెలు అంది: "అక్క తీస్కపోకున్నా నాకు ఆడపిల్లనే పుట్టేది. ఇగ నేను కనను. పిల్లలు గాకుంట ఆపరేషన్ గూడ చెయ్యుమని డాక్టరమ్మకు నేనే చెప్పిన. అయిపోయింది."

దాని గొంతులో అంత గట్టిదనం నేనెప్పుడూ వినలేదు. ముసలామె కొడుకు వైపు చూసింది. అతను బయటికి నడిచాడు. రెండు రోజుల దాకా మళ్లీ కనిపించలేదు.

మూడో నెలలో చెల్లెలు పిల్లలతో ఆ ఇంటికే తిరిగి వెళ్లింది. ఇప్పుడు దాని మొగుడు ఆ చిన్నదాన్ని భుజానెత్తుకుని కాలనీ అంతా తిప్పుతున్నాడు. మారాడంటున్నారు. మారాడేమో. తప్పయిందని చెల్లెలితో, తన తల్లి ముందే అననీ, అప్పుడు నమ్ముతాను. అందాకా ఆ ఇంట్లో నేను చాయ్ కూడా ముట్టను.